విశ్వవిద్యాలయానికి ఉమ్మడి పరిశోధన క్లస్టర్: అవసరాల లెక్క నుంచి మొదటి జాబ్ దాకా

"మా యూనివర్సిటీకి కొంత గ్రాంటు వచ్చింది, పరిశోధనకి సర్వర్లు కొనాలి. ఏ కాన్ఫిగరేషన్ తీసుకోమంటారు?" కంప్యూటర్ సెంటర్లవాళ్లు, విభాగాధిపతులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఈ పనిలో కాన్ఫిగరేషన్ ఆరో మెట్టు. మొదటి ఐదు మెట్లూ దాటేసి నేరుగా ఆరో మెట్టు మీద కాలు పెట్టడం వల్లే ఎన్నో చోట్ల కోట్ల రూపాయల యంత్రాలు సగం ఖాళీగా తిరుగుతున్నాయి. ఇంకోవైపు స్కాలర్లు తమ ల్యాప్‌టాప్‌ల మీద వారాల తరబడి లెక్కలు నడుపుకుంటున్నారు.

మధ్యస్థాయి రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సైన్సు, ఇంజనీరింగ్ విభాగాలు కలిపి వందా రెండొందల మంది వాడేవాళ్లు, ఇరవై ముప్పై సర్వర్లు, ఒక చిన్న గది అనుకోండి. ఈ సర్వర్లన్నీ నెట్‌వర్క్‌తో కలిసి ఒకే యంత్రంలా పనిచేసే ఏర్పాటే క్లస్టర్, దాని మీద నడిపే ఒక్కో లెక్క ఒక జాబ్. మీ సైజు వేరైనా మెట్ల వరుస ఇదే.

## 1. ముందు ఎవరు ఏం నడుపుతున్నారో కనుక్కోండి

విభాగాలకు సర్క్యులర్ పంపి "మీ అవసరాలు తెలపండి" అంటే వచ్చే జవాబులు పనికిరావు. ప్రతి విభాగమూ తనకు కావలసినదానికి నాలుగింతలు రాస్తుంది. అలా రాయడంలో వాళ్ల తప్పేం లేదు, అడిగిన పద్ధతి అలాంటిది.

ప్రొఫెసర్‌తో పాటు, రోజూ జాబ్‌లు నడిపే స్కాలర్‌ని కూడా కూర్చోబెట్టుకుని అడగండి. ఒక్కో గ్రూపుకి అరగంట చాలు. అడగాల్సినవి:

- ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్? లైసెన్స్ ఎవరి పేరున ఉంది?
- ఒక్క జాబ్ ఇప్పుడు ఏ యంత్రం మీద, ఎన్ని కోర్లతో (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఎన్ని గంటలు నడుస్తోంది?
- నడిచేటప్పుడు మెమరీ ఎంత తింటోంది?
- నెలకి అలాంటి జాబ్‌లు ఎన్ని?
- ఒక జాబ్ ఎంత డేటా చదువుతుంది, ఎంత రాస్తుంది, ఫైళ్లు ఎన్ని?
- జాబ్ ఒకే యంత్రంలో సరిపోతుందా, నాలుగైదు యంత్రాలు కలిసి నడపాలా?
- జీపీయూ (ఒకేసారి వేల లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్) అడుగుతుంటే, ఆ సాఫ్ట్‌వేర్ నిజంగా జీపీయూని వాడుకుంటుందా?

చివరి రెండింటికీ జవాబు నోటిమాటగా తీసుకోకండి. స్కాలర్ పక్కనే కూర్చుని జాబ్ నడిపించి చూడండి. 64 కోర్లు కావాలన్న జాబ్ తెర మీద 16 కోర్లే వాడుతూ, మిగతా 48 ఖాళీగా ఉంచడం తరచూ కనిపిస్తుంది. ఇన్‌పుట్ ఫైలులో కోర్ల సంఖ్య రాసే ఒక్క లైను మార్చకుండా వదిలేయడమే చాలాసార్లు దీనికి కారణం. ఆ లైను దిద్దితే కొత్త సర్వర్ కొనకుండానే పని వేగం పెరుగుతుంది.

సాధారణంగా జరిగే పొరపాటు: ఒకే పెద్ద విభాగం చెప్పింది విని క్లస్టర్ మొత్తం దానికి తగ్గట్టు కట్టడం. కెమిస్ట్రీవాళ్లకి కోర్లు కావాలి. జీనోమ్ అసెంబ్లీ (డీఎన్‌ఏ ముక్కల్ని కలిపి మొత్తం వరుస కట్టడం) చేసే బయాలజీవాళ్లకి ఒకే యంత్రంలో బోలెడు మెమరీ కావాలి. డబ్ల్యూఆర్‌ఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో వాతావరణ నమూనాలు నడిపేవాళ్లకి యంత్రాల మధ్య వేగమైన లింకు కావాలి. తెలుగు మాటలను గుర్తించే మోడల్ తయారుచేసేవాళ్లకి జీపీయూ కావాలి. వీటన్నిటికీ ఒకే రకం సర్వర్ సరిపోదు.

## 2. కోరికను కోర్-గంటల్లోకి మార్చండి

ఒక కోర్ ఒక గంట పనిచేస్తే ఒక కోర్-గంట. అందరి అవసరాలనూ ఈ కొలతలోకి తెస్తే తగవులు సగం తగ్గిపోతాయి.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఒక కెమిస్ట్రీ గ్రూపులో 12 మంది స్కాలర్లు. ఒక్కొక్కరు నెలకి నాలుగు జాబ్‌లు. ఒక్కో జాబ్‌కి 16 కోర్లు, 120 గంటలు.

12 × 4 × 16 × 120 = 92,160 కోర్-గంటలు.

64 కోర్ల సర్వర్ ఒకటి 30 రోజుల నెలలో ఇచ్చేది 64 × 720 = 46,080. ఏ క్లస్టరూ నూటికి నూరు శాతం నిండదు. జాబ్‌ల మధ్య ఖాళీలు, మరమ్మతులు పోగా 70 శాతం వేసుకోండి. అంటే సుమారు 32,250 కోర్-గంటలు.

కాబట్టి ఈ గ్రూపుకి కావలసింది మూడు సర్వర్లు. పది అడిగి ఉంటారు. ఈ లెక్క వాళ్ల ముందే వేసి చూపించండి, వాళ్లే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వాళ్ల దగ్గర మీకు చెప్పని జాబ్‌లు ఇంకా ఉన్నాయన్నమాట. అవి బయటికి రావడం కూడా మంచిదే.

జీపీయూకి ఈ లెక్కతో పాటు ఇంకో లెక్క ఉంది, అది మెమరీ లెక్క. 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ని 16-బిట్‌లో (ఒక్కో పారామీటర్‌కి రెండు బైట్లు) కేవలం లోడ్ చేయడానికే 14 జీబీ కావాలి. దాన్నే పూర్తిగా ట్రెయిన్ చేయాలంటే, ఆడమ్ అనే ట్రెయినింగ్ పద్ధతితో ఒక్కో పారామీటర్‌కి దాదాపు 16 బైట్ల చొప్పున 112 జీబీ దాకా పోతుంది. వాడేవాళ్లు చేసేది కేవలం నడపడమా, చిన్న మార్పులతో ఫైన్‌ట్యూన్ చేయడమా, మొదటి నుంచీ ట్రెయిన్ చేయడమా అన్నది తేలనిదే జీపీయూ రకం తేల్చకండి.

లెక్క పూర్తయ్యాక మొత్తానికి 30 శాతం కలపండి. క్లస్టర్ తెరిచాక, ఇప్పటిదాకా అడగనివాళ్లు కూడా వస్తారు.

## 3. అన్నీ కొనక్కర్లేదు

నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలైంది. దాని కింద సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ) కట్టిన యంత్రాలు దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ పరమ్ సేవ, బెంగళూరు ఐఐఎస్‌సీలో 3.3 పెటాఫ్లాప్స్ పరమ్ ప్రవేగ ఉన్నాయి (సెకనుకి లక్ష కోట్ల లెక్కలు ఒక టెరాఫ్లాప్, అలాంటివి వెయ్యి ఒక పెటాఫ్లాప్). ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే మహా పెద్ద జాబ్ కోసం మీరు సొంతంగా పెద్ద యంత్రం కొనడం దండగ. అలాంటి జాబ్‌ని జాతీయ కేంద్రాలకి పంపే దారి వెతకండి.

నా అభిప్రాయం ఇలా:

- ఏడాది పొడుగునా నడిచే మామూలు జాబ్‌లు: సొంత క్లస్టర్.
- అరుదుగా వచ్చే భారీ జాబ్‌లు: జాతీయ కేంద్రం.
- కాన్ఫరెన్స్ గడువు ముందు రెండు వారాలు కావలసిన అదనపు జీపీయూలు: క్లౌడ్.
- రోగుల వివరాలు, సర్వేలో వ్యక్తుల వివరాలు ఉన్న డేటా: సొంత గదిలోనే.

క్లౌడ్ విషయంలో ఒక్క జాగ్రత్త. సర్వర్ అద్దెతో పాటు డేటా బయటికి తెచ్చుకునే రుసుము కూడా బిల్లు పెంచుతుంది. ప్రాజెక్ట్ ఖాతాకి నెలవారీ పరిమితి పెట్టకుండా స్కాలర్ చేతికి ఇవ్వకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో క్రెడిట్ కార్డు మీద డాలర్లలో వచ్చే బిల్లుని ఫైనాన్స్ ఆఫీసు ఎలా చెల్లిస్తుందో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

## 4. గది, కరెంటు, ఏసీ

సర్వర్ల కన్నా ముందు సిద్ధం కావలసింది గది. ట్రాన్స్‌ఫార్మర్ లోడు పెంచడం, ప్యానెల్ బోర్డు, ఎర్తింగ్, ఏసీ పైపులు... ఒక్కోదానికి ఒక్కో అనుమతి, ఒక్కో కాంట్రాక్టర్. సర్వర్లు వచ్చి అట్టపెట్టెల్లోనే నెలలు గడవడం, ఈలోపు వారంటీ కరిగిపోవడం మామూలైపోయింది. గది పనులకి సర్వర్ల టెండర్ కన్నా ముందే ఇండెంట్ పెట్టండి.

లెక్క వేసే పద్ధతి ఇదీ:

- 20 మామూలు సర్వర్లు, ఒక్కోటి 800 వాట్లు: 16 కిలోవాట్లు
- 3 జీపీయూ సర్వర్లు, ఒక్కోటి 3 కిలోవాట్లు: 9 కిలోవాట్లు
- స్టోరేజి, స్విచ్‌లు, లాగిన్ సర్వర్లు (వాడేవాళ్లు ముందు ప్రవేశించేవి): 5 కిలోవాట్లు
- మొత్తం: 30 కిలోవాట్లు

ఏసీకి, యూపీఎస్‌లో పోయేదానికి ఇంకో 60 శాతం వేయండి. 48 కిలోవాట్లు అవుతుంది. ఏడాదికి 8,760 గంటలు. అంటే 4,20,480 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు 33 లక్షల 64 వేలు. ఐదేళ్లకి కోటీ 68 లక్షలు. ఇది పూర్తి లోడు మీద లెక్క, మీ టారిఫ్ వేసుకుని మళ్లీ గుణించండి. ఈ అంకె ఫైలులో ఉండాలి. కొనుగోలు ధర ఒక్కటే చూపించి సంతకం పెట్టించుకుంటే, రెండో ఏడాది కరెంటు బిల్లు చూసి "సగం సర్వర్లు ఆపండి" అనే ఆదేశం వస్తుంది.

ఇక చల్లదనం. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడి తీస్తుంది. 30 కిలోవాట్లకి ఎనిమిదిన్నర టన్నులు. ఐదు టన్నుల యూనిట్లు మూడు పెడితే, ఒకటి చెడిపోయినా మిగతా రెండూ పది టన్నులు ఇస్తాయి. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీలు పెట్టకండి. అవి రోజుకి 24 గంటల చొప్పున ఏళ్ల తరబడి ఆగకుండా నడవడానికి తయారైనవి కావు. సర్వర్ గదుల కోసమే చేసిన ప్రెసిషన్ ఏసీ తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమ అదుపు కూడా కావాలి. బయటి యూనిట్లు పెట్టిన డాబా మే నెలలో ఎంత వేడెక్కుతుందో కూడా లెక్కలోకి తీసుకోండి. 45 డిగ్రీల్లో ఏసీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు.

గదిలోకి వెళ్లి కళ్లతో చూడాల్సినవి:

- ర్యాక్ పైనుంచి నీటి పైపు గానీ ఏసీ డ్రెయిన్ పైపు గానీ వెళ్తోందా? వెళ్తుంటే ర్యాక్ జరపండి, లేదా పైపు దారి మార్పించండి.
- సర్వర్ల ముందు భాగాలన్నీ ఒకే వైపు ఉన్నాయా? ఒక వరుస వెనక వచ్చే వేడిగాలి ఇంకో వరుస ముందుకి పోకూడదు.
- ర్యాక్‌లో ఖాళీ గళ్లకి మూతలు బిగించారా? ఆ రేకు ముక్క చాలా చవక. అది లేకపోతే వెనక వేడిగాలి ఆ సందులోంచి ముందుకి తిరిగొచ్చి, పై సర్వర్లు మిగతావాటికన్నా వేడెక్కుతాయి. ఏసీ ఇంకో టన్ను పెంచినా ఈ సమస్య పోదు.
- నేల బరువు ఆపుతుందా? పై అంతస్తయితే సివిల్ ఇంజనీర్ లెటర్ తీసుకోండి.

కరెంటు పోయినప్పుడు సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, ఏసీలు మాత్రం ఆగిపోతాయి. గది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. అందుకే జనరేటర్ దానంతటది స్టార్ట్ అవ్వాలి, ఏసీలు కూడా దాని మీద ఉండాలి. అర్ధరాత్రి వాచ్‌మన్ వెళ్లి స్విచ్ తిప్పే ఏర్పాటుని నమ్ముకోకండి. గది ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే సర్వర్లు వాటంతటవే పద్ధతిగా ఆగిపోయే స్క్రిప్టు మొదటి రోజు నుంచే ఉండాలి.

మీ పాత సర్వర్ గదిలో సరిపోతుందని ఎవరైనా అంటే ఒక్క సంగతి చెప్పండి. ఎనిమిది హెచ్100 జీపీయూలున్న ఎన్విడియా కంపెనీ డీజీఎక్స్ సర్వర్ ఒక్కటే గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు తీసుకుంటుంది.

## 5. మనుషులు, నడిపే ఖర్చు

ఈ సైజుకి కనీసం ఇద్దరు సిస్టమ్ అడ్మిన్లు, పరిశోధకులకి సాయం చేసే ఒకరు కావాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజు క్లస్టర్ ఆగుతుంది. మూడోవారి పని యంత్రాలతో కాదు, స్కాలర్లతో. జాబ్ స్క్రిప్టు దిద్దడం, సాఫ్ట్‌వేర్ పెట్టివ్వడం, నెమ్మదిగా నడుస్తున్న కోడ్ ఎక్కడ ఆగుతోందో చూడడం వాళ్ల పని. బడ్జెట్ కోతలో ముందు ఎగిరిపోయేది ఈ పోస్టే. క్లస్టర్ వాడకాన్ని నిజంగా పెంచేది కూడా ఇదే. దీని కోసం గట్టిగా పట్టుబట్టండి, అవసరమైతే రెండు సర్వర్లు తగ్గించుకోండి.

ఆరు నెలల కాంట్రాక్టు మీద, రెన్యువల్ అవుతుందో లేదో తెలియని టెన్షన్‌లో ఉన్న మనిషికి రూట్ పాస్‌వర్డ్ (యంత్రం మీద సర్వాధికారాలిచ్చేది) ఇచ్చి ఐదేళ్ల యంత్రం అప్పజెప్పడం ఎవరికీ మంచిది కాదు. క్లస్టర్ వారంటీ కాలానికి సమానమైన కాంట్రాక్టు అడగండి.

నడిపే ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా ఇప్పుడే తేల్చాలి. పరిశోధన ప్రాజెక్టు ప్రతిపాదనల్లో కంప్యూటింగ్ ఖర్చు అని ఒక పద్దు రాయించండి. కోర్-గంటకి ఒక చిన్న రేటు పెట్టండి. గ్రాంటు లేని స్కాలర్లకి ఉచిత కోటా ఉంచండి. లేకపోతే డబ్బున్న గ్రూపులే వాడుకుంటాయి.

ఇంకో మాట. ఈమెయిల్, వైఫై, అడ్మిషన్లు, పరీక్షల సర్వర్లు చూసే బృందం మీదే ఈ పని కూడా వేయకండి. రిజల్ట్స్ వచ్చే రోజు వాళ్లకి ఊపిరి తిరగదు, ఆ రోజు క్లస్టర్‌ని ఎవరూ పట్టించుకోరు. ఒకే డైరెక్టర్ కింద ఉండనివ్వండి. మనుషులు వేరుగా ఉండాలి.

## 6. కాన్ఫిగరేషన్

ఇప్పటికి మీ చేతిలో అంకెలున్నాయి కాబట్టి ఈ మెట్టు తేలిక.

మామూలు సర్వర్లు. కోర్‌కి 4 నుంచి 8 జీబీ మెమరీ చాలా పనులకి సరిపోతుంది. ఒకటి రెండు సర్వర్లలో మాత్రం 1 నుంచి 2 టీబీ పెట్టండి. జీనోమ్ అసెంబ్లీ జాబ్‌లు వాటి మీదకి పోతాయి. మెమరీ ఛానెళ్లన్నీ (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య దారులు) సమంగా నిండాలి. కొటేషన్‌లో ధర తగ్గించడానికి సగం ఛానెళ్లకే మెమరీ స్టిక్కులు వేసి ఇస్తే, మొత్తం జీబీ అంతే ఉన్నా వేగం పడిపోతుంది.

నెట్‌వర్క్. నాలుగైదు సర్వర్లు కలిసి ఒకే జాబ్ నడిపే అవసరం సర్వేలో తేలిందా? అలా తేలితేనే ఇన్ఫినిబ్యాండ్ (సర్వర్ల మధ్య అతివేగమైన ప్రత్యేక నెట్‌వర్క్). అది కూడా ఆ సర్వర్లకి మాత్రమే. మిగతావాటికి 25 గిగాబిట్ ఈథర్‌నెట్ చాలు. మిగిలిన డబ్బు స్టోరేజిలో పెట్టండి.

జీపీయూ. క్లాసుల కోసం అయితే ఒక పెద్ద కార్డుని ముక్కలు చేసి పంచొచ్చు. ఎన్విడియా ఏ100 జీపీయూని ఏడు భాగాలుగా విడగొట్టి ఏడుగురు విద్యార్థులకి ఇవ్వొచ్చు. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు కొనక్కర్లేదు.

లాగిన్ సర్వర్లు. రెండు ఉండాలి. వాటి మీద భారీ జాబ్‌లు నడపకుండా ఒక్కో యూజర్‌కి కోర్ల, మెమరీ పరిమితి పెట్టండి. ఒక స్కాలర్ తెలియక అక్కడే జాబ్ నడిపితే, మిగతా అందరికీ ఫైళ్ల లిస్టు కూడా రాకుండా పోతుంది.

## 7. స్టోరేజి: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

సర్వర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. స్కాలర్ మూడేళ్ల డేటా పోతే తిరిగి రాదు.

2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టు పొరపాటు వల్ల సుమారు 77 టీబీ డేటా చెరిగిపోయింది. 14 పరిశోధన బృందాల ఫైళ్లు పోయాయి. వాటిలో నాలుగు బృందాల డేటా తిరిగి రాలేదు. అంత పెద్ద సంస్థలోనే అలా జరిగినప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మూడు జాగాలుగా విడగొట్టండి:

- హోమ్: మనిషికి 50 జీబీ. రోజూ బ్యాకప్. కోడ్, ఇన్‌పుట్ ఫైళ్లు, థీసిస్ ఇక్కడ.
- స్క్రాచ్: పెద్దది, వేగమైనది. బ్యాకప్ లేదు. 30 రోజులు ముట్టని ఫైళ్లు చెరిగిపోతాయి.
- ప్రాజెక్ట్: గ్రూపుకి కోటా. వారానికోసారి బ్యాకప్. స్కాలర్ వెళ్లిపోయినా డేటా గైడ్ పేరున ఉంటుంది.

స్క్రాచ్‌కి బ్యాకప్ లేదన్న సంగతి లాగిన్ అయిన ప్రతిసారీ తెర మీద కనిపించాలి. చెరిపే ముందు రెండుసార్లు మెయిల్ వెళ్లాలి. మొదటి మూడు నెలలు చెరపకుండా, "ఈ ఫైళ్లు చెరిగిపోయేవి" అని లిస్టు మాత్రమే పంపండి. ఈలోపు అందరికీ అలవాటవుతుంది.

కోటా సైజుకి మాత్రమే కాదు, ఫైళ్ల సంఖ్యకి కూడా పెట్టండి. కోండా అనే ప్యాకేజీల సాధనంతో స్కాలర్లు చేసుకునే ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌లోనే వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటాయి. పదిమంది తలా ఐదారు చేసుకుంటే లక్షల ఫైళ్లు. డిస్క్ ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, కానీ క్లస్టర్ మొత్తం నత్తనడక నడుస్తుంది. దీనికి మందు: అందరూ వాడే ఎన్విరాన్‌మెంట్లని మీరే ఒకచోట పెట్టివ్వండి, మిగతావాటిని కంటైనర్‌లో (సాఫ్ట్‌వేర్‌నీ దానికి కావలసినవన్నిటినీ కలిపి కట్టిన మూట) ఒకే ఫైలుగా చేయించండి.

సామర్థ్యం లెక్క కూడా జాగ్రత్త. 20 టీబీ డిస్కులు 12 అంటే 240 టీబీ అనిపిస్తుంది. రెయిడ్-6లో (రెండు డిస్కులు చెడినా డేటా నిలిచే ఏర్పాటు) రెండు డిస్కులు భద్రతకి పోతాయి. మిగిలింది 200. కంపెనీ టీబీని 1000 లెక్కన, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తాయి కాబట్టి తెర మీద కనిపించేది దాదాపు 182. అందులో 80 శాతం దాటి నింపితే వేగం తగ్గడం మొదలవుతుంది. కాబట్టి నిశ్చింతగా వాడుకోగలిగేది 145 టీబీ. టెండర్‌లో "వాడుకోగలిగిన సామర్థ్యం" అని స్పష్టంగా రాయండి.

రెయిడ్ అంటే బ్యాకప్ కాదు. ఎవరైనా ఫైలు చెరిపితే రెయిడ్ దాన్ని అన్ని డిస్కుల్లోనూ బుద్ధిగా చెరుపుతుంది. బ్యాకప్ కాపీ వేరే భవనంలో ఉండాలి. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ని బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెచ్చి చూడండి.

## 8. టెండర్, అంగీకార పరీక్ష

జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు) కొన్నా, రెండు కవర్ల పద్ధతిలో విడిగా టెండర్ పిలిచినా, సాంకేతిక నిబంధనలు మీరు రాసినవే. కింది విషయాలు తప్పక ఉండాలి:

- మీ సొంత అప్లికేషన్లతో బెంచ్‌మార్క్ (వేగం పరీక్ష). సూపర్‌కంప్యూటర్లని కొలిచే లిన్‌ప్యాక్ పరీక్ష అంకె ఒక్కటే చాలదు. సర్వేలో ఎక్కువగా వచ్చిన మూడు నాలుగు సాఫ్ట్‌వేర్లని, మీ స్కాలర్లు వాడే ఇన్‌పుట్ ఫైళ్లతో సహా ఇవ్వండి. లైసెన్స్ అనుమతించేవాటికే ఇది. గ్రోమాక్స్, క్వాంటమ్ ఎస్ప్రెస్సో, డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి ఓపెన్ సాఫ్ట్‌వేర్లతో ఇబ్బంది ఉండదు.
- వారంటీ మొదలయ్యేది సరుకు దిగిన తేదీ నుంచి కాదు, అంగీకార పరీక్ష పాసైన తేదీ నుంచి.
- ఐదేళ్ల వారంటీ, మర్నాటికల్లా మనిషి వచ్చి రిపేరు చేయాలి. చెడిపోయిన డిస్కులు మీ దగ్గరే ఉంటాయి, వెనక్కి ఇచ్చేది లేదు.
- బిల్లులో కొంత భాగం అంగీకార పరీక్ష అయ్యాకే.
- మీ అడ్మిన్లకి శిక్షణ, పాస్‌వర్డ్‌లన్నీ అప్పగింత, ఇన్‌స్టాల్ చేసిన ప్రతి అడుగుకీ డాక్యుమెంటేషన్.

అంగీకార పరీక్ష అంటే దీపం వెలిగించి ఫొటో దిగడం కాదు. అన్ని సర్వర్లనూ 72 గంటలు పూర్తి లోడు మీద ఉంచండి. మెమరీ తప్పులు, వేడి, సర్వర్ల మధ్య వేగంలో తేడాలు అప్పుడే బయటపడతాయి. ఒకే రకం ఇరవై సర్వర్లలో ఒకటి మిగతావాటికన్నా ఐదు శాతం నెమ్మదిగా ఉంటే సరిగా కూర్చోని హీట్‌సింకో (ప్రాసెసర్ వేడి లాగేసే లోహపు భాగం), వదులుగా ఉన్న మెమరీ స్టిక్కో కారణం కావచ్చు. పరీక్ష మధ్యలో మెయిన్ కరెంటు ఆపండి. జనరేటర్ వచ్చేదాకా ఏమవుతుందో కళ్లతో చూడండి.

## 9. సాఫ్ట్‌వేర్

ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకునేటప్పుడు ఎన్నేళ్ల మద్దతు ఉందో చూడండి. సెంటోస్ లినక్స్ 8కి 2029 దాకా ఉంటుందనుకున్న మద్దతు 2021 చివరికే ఆగిపోయింది. సెంటోస్ 7ది 2024 జూన్ 30తో ముగిసింది. ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లకి రాకీ లేదా ఆల్మా లినక్స్ మంచి దారి.

మిగతా వరుస: జాబ్‌ల క్యూకి స్లర్మ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు మార్చుకోవడానికి ఎల్‌మాడ్, సాఫ్ట్‌వేర్ కట్టడానికి స్ప్యాక్ లేదా ఈజీబిల్డ్, కంటైనర్లకి ఆప్టైనర్. లినక్స్ కమాండ్లు రాని సోషల్ సైన్సెస్, భాషా విభాగాలవాళ్ల కోసం ఓపెన్ ఆన్‌డిమాండ్ తప్పకుండా పెట్టండి. బ్రౌజర్‌లోనే ఫైళ్లు ఎక్కించుకుని, జూపిటర్ (కోడ్ రాసి నడిపే నోట్‌బుక్) తెరుచుకుని పని చేసుకుంటారు. కొత్త విభాగాలు క్లస్టర్‌కి దగ్గరయ్యేది దీనివల్లే.

లైసెన్సుల విషయంలో మొహమాటం వద్దు. పదార్థాల లెక్కలకి వాడే వాస్ప్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పరిశోధన గ్రూపుకి ఇస్తారు, విశ్వవిద్యాలయం మొత్తానికి కాదు. లైసెన్స్ ఉన్న గ్రూపు సభ్యులకే ఆ ఫోల్డర్ తెరుచుకునేలా అనుమతులు పెట్టండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరు అడిగినా పెట్టకండి. పేపర్ అచ్చయ్యాక ఆ ఇబ్బంది గైడ్ మెడకే చుట్టుకుంటుంది.

## 10. క్యూ నియమాలు

క్లస్టర్ మీద జరిగే గొడవల్లో ఎక్కువ భాగం "మా జాబ్ ఎందుకు ఆగింది?" అన్నదే. నియమాలు తక్కువగా, అందరికీ తెలిసేలా ఉండాలి.

- టెస్ట్ క్యూ: 30 నిమిషాలు, వెంటనే మొదలవ్వాలి. ఒక సర్వర్ దీనికే కేటాయించండి.
- మామూలు క్యూ: గరిష్ఠంగా 3 రోజులు.
- లాంగ్ క్యూ: 7 రోజులు, మనిషికి కోర్ల పరిమితితో.
- జీపీయూ క్యూ: గరిష్ఠంగా 2 రోజులు.

గడువు పెట్టగానే స్కాలర్లు కంగారుపడతారు. వాళ్లకి చెక్‌పాయింట్ నేర్పండి. జాబ్ ఆగినా, ఆగినచోటు నుంచే మళ్లీ మొదలవుతుందని చూపిస్తే భయం పోతుంది. గడువు లేకపోతే నెల రోజుల జాబ్‌లు సర్వర్లని పట్టుకుని కూర్చుంటాయి. మరమ్మతుకి రోజు కూడా దొరకదు.

స్లర్మ్‌లో ఫెయిర్‌షేర్ ఆన్ చేయండి. ఈమధ్య ఎక్కువ వాడుకున్నవాళ్ల ప్రాధాన్యం తగ్గుతుంది, తక్కువ వాడినవాళ్లది పెరుగుతుంది. వాడకం ప్రభావం ఎన్నాళ్లకి సగమవ్వాలో మీరే పెట్టొచ్చు. మొదట ఉండేది ఏడు రోజులు. రెండు వారాలు పెడితే మన స్కాలర్ల పని తీరుకి బాగా సరిపోతుందని నా అనుభవం.

జాబ్‌కి కావలసిన సమయాన్ని నిజాయతీగా రాయమని చెప్పండి. రెండు గంటల జాబ్‌కి మూడు రోజులు అని రాస్తే, పెద్ద జాబ్‌ల మధ్య ఉన్న చిన్న సందుల్లో దాన్ని దూర్చడం స్లర్మ్‌కి కుదరదు. రాసినవాళ్లే ఎక్కువసేపు ఎదురుచూడాల్సి వస్తుంది.

డీన్ గారి గ్రూపు అయినా ఇదే క్యూ. మినహాయింపు కావాలంటే కమిటీకి రాతపూర్వకంగా రావాలి, కారణంతో, ముగింపు తేదీతో. అడ్మిన్‌కి ఫోన్ చేసి ముందుకి జరిపించుకునే పద్ధతి ఒక్కసారి మొదలైతే ఇక ఆగదు.

## 11. భద్రత

2020 మేలో యూరప్‌లో చాలా సూపర్‌కంప్యూటర్లని కొన్ని రోజులు ఆపాల్సి వచ్చింది. కారణం దొంగిలించిన లాగిన్ వివరాలు. ఒక విశ్వవిద్యాలయం యూజర్ ఖాతాతో ఇంకో చోటికి చొరబడ్డారు. కాబట్టి రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ లాంటిది) లేకుండా బయటి నుంచి లాగిన్ ఇవ్వకండి.

దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సర్వర్ల గడియారాలు ప్రామాణిక సమయంతో సరిపోలాలి. ఆరు గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి గోడకి అతికించండి.

- ఒకరి ఖాతా ఇంకొకరు వాడకూడదు. గ్రూపు మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ అసలే వద్దు.
- స్కాలర్ వైవా అయ్యాక 90 రోజులకి ఖాతా మూత, డేటా గైడ్‌కి.
- సర్వర్లు, స్విచ్‌ల మేనేజ్‌మెంట్ పోర్టులు వేరే నెట్‌వర్క్‌లో. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్పు.
- పెద్ద డేటా రాకపోకలకి విడిగా ఒక సర్వర్. హాస్టల్ వైఫై నడిచే ఫైర్‌వాల్ గుండా టెరాబైట్లు పంపితే రెండూ కుంటుతాయి. 1 గిగాబిట్ లింకు మీద 1 టీబీ పంపడానికి ఏ ఆటంకం లేకపోయినా రెండు గంటల పైనే పడుతుంది. ఎన్‌కేఎన్ (విద్యా, పరిశోధన సంస్థల్ని కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్) కనెక్షన్ ఉంటే దాని పూర్తి వేగం ఈ సర్వర్ దాకా వస్తోందో లేదో కొలిచి చూడండి.

## 12. తెరిచే ముందు, తెరిచాక

ముందు మూడు నాలుగు గ్రూపులకే ఒక నెల ఇవ్వండి. వేర్వేరు విభాగాలవాళ్లని ఎంచుకోండి. వాళ్లకి దొరికిన లోపాలు దిద్దాకే అందరికీ తెరవండి.

తెరిచే రోజుకి సిద్ధంగా ఉండాల్సినవి:

- [ ] తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఒక పేజీ "మొదటి జాబ్" సూచనలు
- [ ] కాపీ చేసి వాడుకునే స్క్రిప్టులు, ఎక్కువగా వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒకటి
- [ ] సందేహాలకి ఒకే మెయిల్ చిరునామా, దాని వెనక టికెట్ పద్ధతి
- [ ] నెలకోసారి రెండు గంటల శిక్షణ, తేదీలు ముందే ప్రకటించి
- [ ] మూడు నెలలకోసారి మరమ్మతు రోజు, ఏడాది క్యాలెండర్‌లో
- [ ] థీసిస్‌లో, పేపర్‌లో క్లస్టర్‌కి కృతజ్ఞతగా రాయాల్సిన వాక్యం

ప్రతి నెలా ఒక రిపోర్టు తీయండి. విభాగాల వారీగా కోర్-గంటలు, సగటు ఎదురుచూపు, అడిగిన కోర్లలో నిజంగా వాడిన శాతం. స్లర్మ్‌తో వచ్చే సెఫ్ (seff) కమాండ్ ఒక్కో జాబ్‌కి ఈ చివరి అంకె చూపిస్తుంది. 30 శాతం కన్నా తక్కువ వచ్చిన స్కాలర్‌ని పిలిచి పక్కన కూర్చుని స్క్రిప్టు దిద్దండి. మందలించకండి, వాళ్లకి ఎవరూ నేర్పలేదంతే.

మూడో ఏడాది మొదట్లోనే తర్వాతి కొనుగోలు ఫైలు కదపండి. మన దగ్గర ప్రతిపాదన నుంచి ఇన్‌స్టలేషన్ దాకా ఏడాదిన్నర పట్టడం వింతేం కాదు. అన్నీ ఒకేసారి మార్చకుండా ఏటా కొన్ని సర్వర్ల చొప్పున మార్చుకునే ఏర్పాటుకి ఫైనాన్స్ ఆఫీసు ఒప్పుకుంటే అది ఇంకా మంచిది.

పాతవాటిని కండెమ్ చేసేటప్పుడు ముందు డిస్కులు తీయండి. ఫార్మాట్ చేస్తే సరిపోదు, పూర్తిగా తుడిచేయాలి లేదా పగలగొట్టాలి. ప్రతి డిస్కు సీరియల్ నంబరూ రిజిస్టర్‌లో రాసి ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఆ తర్వాతే ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి అప్పగించి, రసీదు ఫైల్ చేయండి.